ఇంటి గడప నుంచి రేవు దాకా: డెల్టా పట్టణాల్లో వికలాంగుల ప్రయాణం ఎక్కడ తెగిపోతోంది

మా చిన్నాన్న దర్జీ. పసితనంలో పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. చంక కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేరు. కుట్టు మిషనుకు మోటారు బిగించుకుని నలభై ఏళ్లుగా కుటుంబాన్ని పోషించుకొస్తున్నారు. కిందటేడు వానాకాలంలో కాకినాడలో డాక్టరుకు చూపించడానికి ఆయనతో నేనూ బయలుదేరాను. మేము కోనసీమలో ఎక్కిన బస్టాండులో, మన ఆర్టీసీ బస్టాండ్లలో చాలా చోట్ల ఉన్నట్టే, బస్సులు ముక్కును ప్లాట్‌ఫారానికి ఆనించి వరసగా నిలబడతాయి. తలుపు మాత్రం బండికి పక్కన ఉంటుంది. అందువల్ల ప్రయాణికుడు ప్లాట్‌ఫారం దిగి, రెండు బస్సుల మధ్య ఉన్న ఇరుకు సందులోకి వెళ్లి, అక్కడి బురదలో నిలబడి మెట్టెక్కాలి. కర్ర అడుగున ఉండే రబ్బరు బుష్షు అరిగిపోతే తడి నేల మీద కర్ర నిలవదు. "నువ్వు ముందెక్కి కర్ర అందుకో నాన్నా," అని చిన్నాన్న నాతో అన్నారు. కర్ర నా చేతికిచ్చి, తలుపు పక్కన కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఒంటికాలి మీద శరీరాన్నంతా పైకి లాక్కున్నారు. వెనక ఎక్కేవాళ్ల తొందర వాళ్లది. "ఆయ్, కాస్త ఆగండి బాబూ," అని కండక్టరు ఆపకపోతే ఆయన తూలి పడేవారే.

తిరిగి వచ్చాక బస్సు ఖాళీ అయ్యేదాకా ఆయన కదలలేదు. అందరూ దిగిన తరువాత దిగి, జేబులోని టేపు తీసి నేల నుంచి మొదటి మెట్టు ఎత్తు కొలిచారు. 17 అంగుళాలు. ప్లాట్‌ఫారం ఎత్తు కొలిస్తే 6 అంగుళాలు వచ్చింది. అదే బస్సు ప్లాట్‌ఫారానికి పక్కగా ఆనుకుని నిలిచి ఉంటే ఆయన ఎక్కవలసిన మెట్టు 11 అంగుళాలే. బండి మారకుండా, రూపాయి ఖర్చు పెట్టకుండా, నిలిపే తీరు మారినంత మాత్రాన మూడో వంతు ఎత్తు తగ్గేది. ఆ బస్టాండు ప్రవేశ ద్వారం దగ్గర మంచి ర్యాంపు ఉంది, దాని పక్కన నీలం రంగు చక్రాల కుర్చీ గుర్తు కూడా ఉంది. చక్రాల కుర్చీలో ఆ ర్యాంపు ఎక్కి లోపలికి వచ్చిన మనిషి ప్లాట్‌ఫారం అంచు దాకా రాగలడు. అక్కడి నుంచి బస్సులోకి దారి లేదు.

వికలాంగులకు అందుబాటులో ఉండే రవాణా అన్న విషయం ఎందుకు ఇంత చిక్కుపడి ఉందో ఈ ఒక్క దృశ్యంలోనే చాలా వరకు కనిపిస్తుంది. ప్రయాణం అంటే ఒక వస్తువు కాదు, ఒక వరస. ఇంటి గడప, వీధి, మురుగు కాలవ మీది పలక, ఆటో, బస్టాండు, బస్సు మెట్టు, లోపలి సీటు, దిగే చోటు, ఆసుపత్రి గుమ్మం, వీటిలో ఏ ఒక్కటి అడ్డం తిరిగినా మిగతావన్నీ ఉన్నా లేనట్టే. డెల్టా రైతుకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తి కాలవ నిండా నీరు వదిలినా, మధ్యలో ఒక తూము పూడిపోతే శివారు చేలు ఎండుతాయి. నీరు వదిలామని హెడ్‌వర్క్స్ దగ్గర లెక్క చూపిస్తే శివారు రైతు ఒప్పుకోడు. తన చేలో మడి తడిసిందా అని అడుగుతాడు. మన పట్టణాల్లో వికలాంగుల సౌకర్యాలన్నీ ఇప్పటికీ హెడ్‌వర్క్స్ లెక్కలోనే ఉన్నాయన్నది నా అభిప్రాయం. ఎన్ని ర్యాంపులు కట్టామో లెక్క ఉంటుంది కానీ, ఎవరైనా ఇంటి నుంచి బయలుదేరి పని చూసుకుని ఒకరి మోత లేకుండా తిరిగి ఇంటికి చేరారా అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

పదం గురించి ఒక మాట. ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అన్న మాటలు వాడుతున్నారు. హక్కుల కోసం పనిచేసేవారిలో చాలామంది వికలాంగులు అన్న మాటనే నిలుపుకున్నారు. మా చిన్నాన్న కూడా తనను అలాగే చెప్పుకుంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.

ఎంతమంది గురించి మాట్లాడుతున్నాం? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో మాత్రం ప్రపంచ జనాభాలో 16 శాతం మందికి గణనీయమైన వైకల్యం ఉందని చెప్పింది. ఈ రెండు అంకెల మధ్య అంత దూరం రావడానికి మనవాళ్లు ఆరోగ్యవంతులు కావడం కారణం కాదు. అడిగే ప్రశ్నలు వేరు, లెక్కించే వైకల్యాలు వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది; జనాభా లెక్కలు అంతకు ముందు జరిగాయి. పైగా మోకాళ్లు అరిగిన పెద్దవారు, మధుమేహంతో పాదం తీసేయించుకున్నవారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, నెలలు నిండిన గర్భిణులు, వీరెవరూ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని తిరగరు. 17 అంగుళాల మెట్టు వారికీ అంతే ఎత్తు.

ఇక ఆ మెట్టు లెక్కలోకి వెళ్దాం, ఎందుకంటే చిక్కుముడిలో సగం అక్కడే ఉంది. కేంద్ర ప్రభుత్వం నగర బస్సులకు రూపొందించిన ప్రమాణాల్లో నేల నుంచి బస్సు లోపలి ఫ్లోరుకు ఉండే ఎత్తును బట్టి మూడు రకాలు ఉన్నాయి: 400 మి.మీ. ఉండే లో-ఫ్లోర్, 650 మి.మీ. ఉండే సెమీ లో-ఫ్లోర్, 900 మి.మీ. ఉండే మామూలు రకం. చక్రాల కుర్చీ ఒకరి సాయం లేకుండా ఎక్కగల వాలుకు ఒప్పుకున్న నిష్పత్తి 1:12, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఈ లెక్కన 900 మి.మీ. ఎత్తున్న బస్సుకు నేల మీద నుంచి ర్యాంపు వేయాలంటే దాని పొడవు దాదాపు 11 మీటర్లు కావాలి. బస్సే 12 మీటర్లు ఉంటుంది! అందుకే అలాంటి బస్సుకు మడత ర్యాంపు బిగించి అందుబాటులోకి తెచ్చామని చెప్పడం కాగితం మీద మాటే అవుతుంది. ఆ ర్యాంపు గోడలా నిలబడుతుంది. అదే 400 మి.మీ. బస్సు 150 మి.మీ. ఎత్తున్న కాలిబాటను ఆనుకుని ఆగితే తేడా 250 మి.మీ. మాత్రమే. కండక్టరు ఒక చెయ్యి వేస్తే చిన్న ర్యాంపు మీదుగా కుర్చీ లోపలికి పోతుంది.

బస్సును కిందికి దించలేకపోతే మనిషి నిలబడే చోటును పైకి ఎత్తవచ్చు. బ్రెజిల్‌లోని కురిటీబా నగరం 1991 నుంచి గొట్టాల ఆకారంలో ఉన్న ఎత్తయిన స్టేషన్లు కట్టి ఈ పనే చేసింది. మన దేశంలో అహ్మదాబాద్ 2009లో మొదలుపెట్టిన, బస్సులకే విడి దారులున్న జన్‌మార్గ్ వ్యవస్థలో ఫ్లోరు 900 మి.మీ. ఎత్తున్న బస్సులే నడుస్తాయి, కానీ స్టేషను ప్లాట్‌ఫారం కూడా అంతే ఎత్తు. మెట్టు అన్నదే ఉండదు. కాబట్టి లో-ఫ్లోర్ ఒక్కటే మార్గమని పట్టుబట్టనక్కరలేదు. కావలసింది బస్సు ఫ్లోరూ నిలబడే చోటూ ఒకే మట్టానికి రావడం. ఆ మట్టం ఎంత అన్నది ఊరిని బట్టి తేల్చుకోవచ్చు.

డెల్టా విషయంలో ఈ తేల్చుకోవడం చిన్న సంగతి కాదు. ఇది మట్టసమైన నేల. వాన నీరు పోవడానికి వాలు తక్కువ. గట్టి వాన పడితే మన పట్టణాల్లో పల్లపు రోడ్లు గంటల తరబడి నీళ్లలో ఉంటాయి. నల్లరేగడి నేల తడిసి ఉబ్బి, ఎండి కుంగి, రోడ్డును అలలుగా మారుస్తుంది. ఇలాంటి చోట లో-ఫ్లోర్ బస్సు నడపలేమని అధికారులు చెప్పినప్పుడు అది పూర్తిగా సాకు అనలేం. చెన్నైలోనూ ఇదే వాదన వచ్చింది. వికలాంగ హక్కుల కార్యకర్తలు మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి పోరాడిన తరువాతే 2024లో అక్కడ లో-ఫ్లోర్ బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. ఆ అనుభవం చెప్పేది ఏమిటంటే, ఊరంతా నీళ్లు నిలుస్తాయన్న మాటను ఎవరూ నిజంగా దారి వారీగా పరీక్షించరు. రాజమహేంద్రవరంలో కోటిపల్లి బస్టాండు నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు మీదుగా పోయే దారి వేరు, పల్లపు కాలనీల్లోకి పోయే దారి వేరు. కాకినాడలో భానుగుడి జంక్షను నుంచి సర్పవరం వైపు పోయే రోడ్డు వేరు, జగన్నాథపురం వంతెన అవతలి సందులు వేరు. ఏ దారిలో ఏ ఎత్తు బస్సు నడుస్తుందో కొలిచి చెప్పడం ఒక ఇంజినీరుకు కొన్ని వారాల పని. నీళ్లు నిలిచే చోట సెమీ లో-ఫ్లోర్ బస్సు నడిపి, ఆగే చోట ప్లాట్‌ఫారాన్ని ఎత్తవచ్చు.

బస్టాండు సంగతికి మళ్లీ వస్తాను. ముక్కు ఆనించి నిలపడం వల్ల తక్కువ పొడవులో ఎక్కువ బస్సులు పడతాయి, అందుకే ఆ పద్ధతి వచ్చింది. అన్ని ప్లాట్‌ఫారాలనూ పగలగొట్టమని ఎవరూ అడగడం లేదు. ఒక చివర ఒకటో రెండో స్థానాలను బస్సు పక్కగా ఆనుకుని నిలిచేలా మార్చి, ఏ బస్సుకైనా సరే వికలాంగ ప్రయాణికుడు ఉన్నారని చెబితే ఆ బస్సు బయలుదేరే ముందు అక్కడ ఒక నిమిషం ఆగేలా చేస్తే చాలు. మైకు ఉంది, కంట్రోలరు ఉన్నారు. మా చిన్నాన్న చెప్పిన ఉపాయమే ఇది. నాకు ఇందులో తప్పు కనిపించలేదు.

బస్సు దాకా చేరడం మరో కథ. భారత రోడ్డు కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకి లేకుండా ఉండాలి, అంచు ఎత్తు 150 మి.మీ. మించకూడదు. మన పట్టణాల్లో కాలిబాట అంటే చాలా చోట్ల మురుగు కాలవ మీద పరిచిన సిమెంటు పలకలే. పలకకూ పలకకూ మధ్య సందు, ఒకటి లేచి ఒకటి కుంగి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ, ఆ తరువాత ఎవరిదో దుకాణం మెట్లు. చక్రాల కుర్చీలో ఉన్నవారు మొదటి ఇరవై గజాల్లోనే రోడ్డు మీదికి దిగిపోతారు. చూపు లేనివారి కోసం కొత్త రోడ్ల మీద పసుపు పలకలు వేస్తున్నారు. జపాన్‌కు చెందిన సెయిచి మియాకె 1965లో ఈ పలకను రూపొందించారు, 1967లో ఒకాయామాలో మొదటిసారి పరిచారు. గీతలున్న పలక ముందుకు నడవమని చెబుతుంది, చుక్కలున్న పలక ఆగి జాగ్రత్తపడమని చెబుతుంది. ఇది పాదంతో చదివే లిపి. గీతల పలకలను నేరుగా కరెంటు స్తంభం దాకా తీసుకుపోయి ఆపేస్తే చూపు లేని మనిషికి మనం అబద్ధం చెప్పినట్టే. డెల్టాలోనే ఒక పట్టణంలో రోడ్డు మధ్య డివైడరు మీద, అందం కోసం, ఈ పలకలు పరిచి ఉండటం చూశాను. అక్కడ నడిచేవారు ఎవరూ ఉండరు.

అయినా డెల్టా పట్టణాల్లో రవాణా అంటే ప్రధానంగా బస్సు కాదు, సర్వీసు ఆటో. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో ఒక గంట నిలబడితే ఎన్ని బస్సులు వచ్చాయో, ఎన్ని ఆటోలు వచ్చాయో ఎవరికైనా తెలుస్తుంది. ప్రమాణాలన్నీ బస్సుల చుట్టూ, రైళ్ల చుట్టూ, మెట్రోల చుట్టూ తిరుగుతుంటే, మనవాళ్లు నిజంగా ఎక్కే బండి గురించి మాట్లాడేవారు లేరు. ఆటోను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక రకంగా చూస్తే వికలాంగులకు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా దగ్గరైన బండి అదే: ఫ్లోరు బస్సుకన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది, ఇంటి ముందుకు వస్తుంది, అడిగిన చోట ఆగుతుంది, డ్రైవరు ఊళ్లోవాడే అయి ఉంటాడు. కానీ నలుగురు కూర్చోవలసిన చోట ఎనిమిది మందిని ఎక్కించుకునే ఆటోలో కర్ర పెట్టుకునే చోటు ఉండదు, మడత కుర్చీని ఎక్కించుకోవడానికి డ్రైవరు ఇష్టపడడు, ఇష్టపడినా దానికి ఇంకో ఇద్దరి ఛార్జీ అడుగుతాడు. దాంతో వికలాంగులు బేరం ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది. సర్వీసు ఆటో ఛార్జీకి అది ఎన్నో రెట్లు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకు పెంచింది. నెలలో నాలుగుసార్లు ఫిజియోథెరపీకి పోవలసిన కుటుంబంలో అందులో ఎంత ఆటోకే పోతుందో లెక్క వేసుకుంటే, పింఛను కొంత మేరకు రోడ్డు లోపానికి కడుతున్న పరిహారంగా మారిందని అర్థమవుతుంది.

ఆటోలకు కావలసినవి పెద్ద యంత్రాలు కావు. ఎక్కేవైపు గట్టి చేతికడ్డీ, వెనక కుర్చీని కట్టుకోవడానికి ఒక కొక్కెం, పట్టీ, ఊరికి కొన్ని ఆటోలకైనా వెనక నుంచి ర్యాంపు. ఫిట్‌నెస్ తనిఖీకి ప్రతి బండీ రవాణా శాఖ ముందుకు రాక తప్పదు కాబట్టి చేతికడ్డీ, కొక్కెం ఆ తనిఖీలో భాగం చేయవచ్చు. స్టాండులో వంతుల వారీగా సీరియల్ నడిపే ఆటో యూనియన్లు ఈ పనిలో కలిసివస్తాయనే నమ్మకం నాకు ఉంది, ఎందుకంటే నేను చూసినంతలో డ్రైవర్లు సాయం చేయడానికి వెనకాడరు. ఎలా సాయం చేయాలో వారికి ఎవరూ చెప్పలేదు.

సాయం గురించి ఇక్కడే చెప్పాలి. మన ప్రాంతంలో మనుషులు మంచివారు. చక్రాల కుర్చీ కనిపిస్తే నలుగురు ముందుకు వచ్చి ఎత్తి బస్సులో కూర్చోబెడతారు. అయితే ఆ కుర్చీలో ఉన్నది ఇరవై ఏళ్ల అమ్మాయి అయితే? ముక్కూ మొహం తెలియని మగవాళ్లు చంకల కింద చేతులు వేసి ఎత్తడాన్ని ఆమె ప్రతి రోజూ, కాలేజీకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ భరించాలా? చాలామంది ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆగిపోవడానికి ఇదొక కారణం, బయటికి చెప్పుకోలేని కారణం. బస్టాండులో కుర్చీ పట్టే వెడల్పుతో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి బయలుదేరే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసే స్త్రీలు ఉన్నారు. ఎత్తి కూర్చోబెట్టే దయ ఎంత గొప్పదైనా అది సౌకర్యానికి బదులు కాలేదు.

బస్సు, ఆటో దాటితే డెల్టాకే ప్రత్యేకమైన వాహనం ఒకటుంది, మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పంటు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య బతికే ఊళ్లకు వంతెనలు కొన్ని వచ్చాయి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన, దిండి–చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన ఎన్నో కష్టాలు తీర్చాయి. కానీ సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి ఇప్పటికీ వసిష్ఠ దాటేది రేవు మీదనే. రేవులో పంటుకూ గట్టుకూ మధ్య బల్లలు వేస్తారు. ఆ బల్లల వాలు ఎప్పుడూ ఒకేలా ఉండదు, సముద్రం దగ్గర కాబట్టి పోటుకు నీరు లేచి, పాటుకు దిగుతుంది. పోటు వేళ తేలిగ్గా ఎక్కిన మూడు చక్రాల సైకిలును పాటు వేళ నిట్టనిలువు బల్ల మీద ముగ్గురు పట్టుకుని దించాలి. బల్లకు అంచు ఉండదు, పట్టుకునే తాడు ఉండదు. ఈ సమస్యకు పరిష్కారం తెలియక కాదు. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో జెట్టీలు నీటి మీద తేలుతాయి. నీరు లేచినా దిగినా పడవతో పాటే జెట్టీ కూడా కదులుతుంది కాబట్టి చక్రాల కుర్చీ మెట్టు లేకుండా పడవలోకి పోతుంది. అంత ఖర్చు సఖినేటిపల్లికి ఇప్పుడే పెట్టలేకపోవచ్చు. కానీ రేవులను స్థానిక సంస్థలే వేలం పాట పెడతాయి. అంచులూ, పక్క కడ్డీలూ ఉన్న వెడల్పాటి బల్ల, జారకుండా పైన అడ్డ పట్టీలు ఉండాలని పాట షరతుల్లో రెండు వాక్యాలు చేరిస్తే పాడుకున్నవారు చేయక తప్పదు.

రైలు గురించి క్లుప్తంగా. ఎత్తు ప్లాట్‌ఫారం పట్టాల నుంచి 760 నుంచి 840 మి.మీ. ఉంటుంది, పెట్టె ఫ్లోరు అంతకన్నా చాలా పైన ఉంటుంది కాబట్టి లిఫ్టులు, ఎస్కలేటర్లు వచ్చిన స్టేషన్లో కూడా చివరి మెట్లు మిగిలే ఉంటాయి. అమలాపురానికి రైలే లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయ్యే నాటికైనా ఆ స్టేషన్లు మొదటి రోజు నుంచే అందరికీ పనికొచ్చేలా ఉండాలి.

ఇంతవరకు కాళ్ల గురించే ఎక్కువ మాట్లాడాను, అందుబాటు అంటే ర్యాంపు అనే అలవాటు నాలోనూ ఉంది. చూపు లేనివారికి మెట్టు పెద్ద కష్టం కాదు; వచ్చిన బస్సు ఏ ఊరిదో తెలియకపోవడం కష్టం. ప్రతి బస్సు దగ్గరికీ పోయి "ఇది రావులపాలెమా అండీ" అని అడగాలి, జవాబు వచ్చేలోపు బస్సు కదిలిపోతుంది. ఐఐటీ ఢిల్లీలో ఇందుకోసమే ఒక పరికరం తయారు చేశారు: ప్రయాణికుడు మీట నొక్కితే ఆగిన బస్సుకు బిగించిన స్పీకరు తన నంబరు తానే చెబుతుంది, ఆ గొంతు తలుపు వైపు దారి కూడా చూపిస్తుంది. మన ఆర్టీసీ బస్సులకు జీపీఎస్ పెట్టి, ఎక్కడున్నాయో ఫోనులో చూసే ఏర్పాటు ఇప్పటికే చేశారు. ఆ సమాచారాన్నే మాటల్లో వినిపించడం దాని తరువాతి అడుగు. చెవిటివారికి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. బస్టాండు మైకులో ప్లాట్‌ఫారం మారిందని చెబితే వారికి తెలియదు, కండక్టరు "రైట్ రైట్" అన్నా వినపడదు. వారికి కంటికి కనిపించే బోర్డు కావాలి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి, ఆటిజం ఉన్న పిల్లలకు ప్రతి రోజూ ఒకే చోట, ఒకే గుర్తుతో, ఒకే వేళకు వచ్చే బస్సు కావాలి.

ఇక చట్టం. 1995 వికలాంగుల చట్టం రవాణా సౌకర్యాల గురించి చెప్పింది కానీ, సంస్థల ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట కలిపింది. ఆ ఒక్క మాట ఇరవై ఏళ్లు అడ్డు నిలిచింది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ఒడంబడికకు అనుగుణంగా 2016లో కొత్త చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దాని 41వ సెక్షన్ బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, టికెట్ కౌంటర్లు, మరుగుదొడ్లు, రోడ్లు అన్నిటినీ లెక్కలోకి తీసుకుంది. పాత వాహనాలను మార్చడం విషయంలో మాత్రం సాంకేతికంగా వీలై, ఆర్థికంగా గిట్టుబాటై, నిర్మాణంలో పెద్ద మార్పు అక్కరలేకపోతే అని షరతులు పెట్టింది. నా దృష్టిలో ఈ షరతులు పాత బండికి పెట్టినవి; కొత్తగా కొనే బస్సుకు కూడా వాటినే అడ్డం పెట్టుకోవడం చట్టాన్ని వంచడమే. పైగా బస్సుల్లో ప్రాధాన్య సీట్లు, కర్రలు పెట్టుకునే ఏర్పాటు, చేతికడ్డీలు, చక్రాల కుర్చీ ఎక్కి నిలిచే ఏర్పాటు ఉండాలని కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. ఆ సవరణ 2020 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది.

అయితే 2016 చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో ఒక లోపం ఉండిపోయింది. 15వ నిబంధన రకరకాల మార్గదర్శకాలను పేర్కొంది కానీ, వాటిలో ఏది తప్పనిసరో, ఏది సలహా మాత్రమేనో తేల్చలేదు. వికలాంగులకు అందుబాటు కోసం 2005లో హక్కుల కార్యకర్త రాజీవ్ రాటూరి వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2017లో ఒకసారి ఆదేశాలిచ్చింది. వాటి అమలును పరిశీలించి నివేదిక ఇచ్చే పనిని హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగ అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికను చూసిన తరువాత 2024 నవంబర్ 8న, 15(1) నిబంధన మూల చట్టానికి విరుద్ధమని, వదులుకోవడానికి వీల్లేని కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పులోని ఒక భేదం మనకు చాలా ముఖ్యం. అందుబాటు అన్నది ఎవరూ అడగకముందే అందరి కోసం ముందుగా చేయవలసిన పని. సముచిత సర్దుబాటు అన్నది ఆ తరువాత కూడా ఒక వ్యక్తికి ప్రత్యేకంగా మిగిలిన అవసరాన్ని తీర్చడం. మన దగ్గర మొదటిది చేయకుండా రెండోదాన్ని, అదీ దయగా, చేస్తున్నారు.

ఛార్జీ రాయితీని అందుబాటుగా పొరబడటం కూడా ఇలాంటిదే. రాయితీ పాసు అవసరమే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది, అందులో వికలాంగ మహిళలూ ఉన్నారు. టికెట్ లేకపోయినా మెట్టు ఎత్తు తగ్గదు కదా. బస్సులు నిండుగా నడుస్తున్నప్పుడు ప్రాధాన్య సీటును ఖాళీగా నిలిపి ఉంచే బాధ్యత కండక్టరు మీద మరింత పడుతుంది, ఆ విషయంలో వారికి స్పష్టమైన ఆదేశమూ, పై అధికారుల అండా ఉండాలి.

చిక్కుముడిలో అసలు ముడి ఏదంటే, పైన చెప్పిన వరసలో ఒక్కో అంగుళం ఒక్కొక్కరిది. సందు మున్సిపాలిటీది, పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది, కాలవ గట్టు జలవనరుల శాఖది, స్తంభం విద్యుత్తు సంస్థది, బస్సు ఆర్టీసీది, ఆటో రవాణా శాఖ కిందది, ఆటోను రోడ్డు మధ్య ఆపకుండా చూడవలసింది ట్రాఫిక్ పోలీసు, రేవు స్థానిక సంస్థది. ఎవరి ముక్క వారు బాగా చేసినా ముక్కలు కలిసే చోట మనిషి పడిపోతాడు. అందుకే పట్టణమంతా ఒకేసారి మార్చే పెద్ద ప్రణాళికకన్నా, ఒక్క దారిని ఎంచుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా పూర్తిగా సరిచేయడం మేలని నేను అనుకుంటాను. రాజమహేంద్రవరంలో ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ప్రభుత్వ ఆసుపత్రి దాకా ఉన్న దారి అందుకు తగినది. కలెక్టరు స్థాయిలో ఒకే అధికారి ఆ దారికి జవాబుదారీ కావాలి, పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు చక్రాల కుర్చీలో ఒకరు, తెల్ల కర్రతో ఒకరు, వినికిడి లేనివారు ఒకరు ఆ దారిలో ప్రయాణం చేసి చూడాలి.

సమయం కూడా కలిసి వచ్చింది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో 10,000 విద్యుత్తు బస్సులకు వీలు కల్పించారు. రాష్ట్రంలో ఎంపికైన నగరాల్లో రాజమహేంద్రవరం, కాకినాడ ఉన్నాయి. బస్సు ఒకసారి వచ్చిందంటే పది పన్నెండేళ్లు రోడ్డు మీద ఉంటుంది. టెండరు కాగితంలో ఫ్లోరు ఎత్తు గురించి రాసిన ఒక్క అంకె అన్నేళ్లూ ఎందరి ప్రయాణాన్నో నిర్ణయిస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటను ఈ జిల్లాల్లో ఎవరూ మరచిపోలేదు. ఘాట్లకూ, రోడ్లకూ, స్టేషన్లకూ ఖర్చు పెట్టే ఈ సమయంలో, కర్రతో నడిచే మనిషి తోపులాట లేకుండా నీటి దాకా వెళ్లి తిరిగి రాగలిగేలా దారులు వేస్తే ఆ దారులు పుష్కరాల తరువాత కూడా మిగులుతాయి.

2016 చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఫిర్యాదుకు వకీలు అక్కరలేదు. తెల్ల కాగితం చాలు. కానీ "మాకు చాలా ఇబ్బందిగా ఉంది" అని రాస్తే దానికి వచ్చే జవాబు "పరిశీలిస్తాం" అనే. ఎక్కడ, ఏ తేదీన, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని కొలతలతో రాస్తే జవాబు కూడా కొలతల్లోనే ఇవ్వాలి.

మా చిన్నాన్న ఫిర్యాదుగా రాసిన ఉత్తరంలో ఏడు కొలతలు ఉన్నాయి: మెట్టు ఎత్తు, ప్లాట్‌ఫారం ఎత్తు, రెండు బస్సుల మధ్య సందు వెడల్పు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు, ప్రవేశ ర్యాంపు పొడవు, దాని ఎత్తు, బస్టాండు గేటు నుంచి ఆటో స్టాండు దాకా ఉన్న దూరం. రవికలకు కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చింపిన కాగితం మీదనే, అంగుళాల్లో రాసి, పక్కన సెంటీమీటర్లు కూడా వేశారు. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదును మిషను సొరుగులో దాచుకున్నారు.